రోజూ చేస్తున్నా బలం తగ్గుతోంది: ఇది బద్ధకమా, అలసటా?

ప్రశ్న: నా వయసు 34, బరువు 72 కిలోలు. కొవ్వు 22 శాతం దాకా ఉందని కొలతలో వచ్చింది. కూర్చుని చేసే ఉద్యోగం. ఐదు నెలలుగా వారానికి ఆరు రోజులు వర్కవుట్ చేస్తున్నాను: 45 నిమిషాలు బరువులు, ఆ వెంటనే అరగంట పరుగు. రోజుకు 1500 కేలరీలు మించకుండా చూసుకుంటున్నాను. ఉదయం 5 గంటలకు లేస్తాను, పడుకునేసరికి రాత్రి 12 అవుతుంది. మొదటి మూడు నెలలు బరువు తగ్గింది, బలం పెరిగింది. నెలన్నరగా బరువు కదలడం లేదు. ఇదివరకు 80 కిలోలతో స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలు) చేసేవాణ్ని, ఇప్పుడు 75కే కాళ్లు వణుకుతున్నాయి. సాయంత్రం ఆరింటికి కాఫీ పడకపోతే పని సాగదు. ఇంట్లో ప్రతిదానికీ విసుక్కుంటున్నాను. ఒక్క రోజు మానేద్దామా అనిపిస్తుంది, కానీ అలా మొదలుపెడితే మొత్తానికే మానేస్తానని భయం. గతంలో రెండుసార్లు అలాగే ఆగిపోయాను. నాలో క్రమశిక్షణ తగ్గుతోందా, లేక శరీరం నిజంగానే విశ్రాంతి అడుగుతోందా? ఈ తేడా ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: ఐదు నెలలుగా తెల్లవారకముందే లేచి కసరత్తు చేస్తున్న మనిషికి క్రమశిక్షణ తక్కువైందనడానికి లేదు. మీకు తక్కువైనవి నిద్ర, తిండి. ఎక్కువైనది వారంలో పడుతున్న బరువు. మీ క్రమశిక్షణ అంతా వర్కవుట్ చేసే ఆ గంటంపావు మీదే పెట్టారు. అదే పట్టుదల పడుకునే వేళ మీద, పళ్లెం మీద, విశ్రాంతి రోజు మీద కూడా పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

బరువులు ఎత్తుతున్నప్పుడు కండ పెరగదు, అప్పుడు అది అలసిపోతుంది. ఆ తర్వాత 24 నుంచి 48 గంటల పాటు కండలో ప్రోటీన్ తయారీ మామూలు కంటే ఎక్కువగా సాగుతుంది. కండలో ఇంధనంగా నిల్వ ఉండే పిండిపదార్థం, గ్లైకోజన్, గట్టి వర్కవుట్‌లో బాగా ఖర్చయితే, సరిపడా పిండిపదార్థాలు తిన్నా మళ్లీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్లు కండ కంటే నెమ్మదిగా గట్టిపడతాయి. ఇవన్నీ పూర్తవకముందే మళ్లీ బరువు పడితే, పడ్డ లోటు మీద ఇంకో లోటు చేరుతుంది. మొదటి మూడు నెలలు మీకు ఇది తెలియలేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు బలం త్వరగా పెరుగుతుంది, ఎత్తే బరువులూ చిన్నవే. 40 కిలోల స్క్వాట్ నుంచి మర్నాటికి తేరుకున్న శరీరం 80 కిలోల నుంచి అంత తేలిగ్గా తేరుకోదు.

తిండి లెక్క కాగితం మీద వేసి చూద్దాం. 72 కిలోల్లో 22 శాతం కొవ్వు తీసేస్తే మిగిలేది సుమారు 56 కిలోలు. మీరు చేసే వర్కవుట్‌కు ఒక్కోసారి సుమారు 500 కేలరీలు ఖర్చవుతాయనుకుంటే, ఆరు రోజులది వారానికి పంచితే రోజుకు దాదాపు 430. మీరు తినే 1500లోంచి ఆ 430 పోతే 1070. దాన్ని 56తో భాగిస్తే 19. అంటే గుండె, మెదడు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి, కండల మరమ్మతు అన్నీ కొవ్వు తీసేసిన బరువులో కిలోకు 19 కేలరీలతో నడవాలి. క్రీడావైద్యంలో 45 దగ్గర ఉంటే మంచిదని, 30 కంటే కిందికి జారితే శరీరం ఒక్కో పనినీ తగ్గించుకుంటుందని లెక్క. ఈ 30 అనే గీత ప్రధానంగా మహిళల మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చింది, పురుషుల్లో కాస్త కింద ఉండవచ్చు. ఎలా చూసినా 19 తక్కువే. విసుగు, చలి ఎక్కువగా వేయడం, నిద్ర మధ్యలో మెలకువ, లైంగిక ఆసక్తి తగ్గడం, మహిళల్లో నెలసరి తప్పడం, ఇవన్నీ ఈ లోటు చూపించే ముఖాలే.

ఇంత తక్కువ తింటుంటే బరువెందుకు కదలడం లేదని మీరు అడగవచ్చు. దీనికి మామూలుగా మూడు కారణాలుంటాయి. మొదటిది, రాసుకున్న 1500 నిజంగా 1500 కాకపోవడం. గరిటెలో నూనె, రుచి చూసిన ముద్ద, సెలవు రోజు తిండి లెక్కలోకి రావు. రెండోది, అలసిన మనిషి తనకు తెలియకుండానే కదలడం తగ్గిస్తాడు. మెట్లు మాని లిఫ్ట్ ఎక్కుతాడు, నిలబడే చోట కూర్చుంటాడు, దాంతో రోజు మొత్తం ఖర్చు పడిపోతుంది. మూడోది, నిద్రలేమి, ఒత్తిడి, నిత్యం దెబ్బతినే కండలు కలిసి ఒంట్లో నీరు పట్టి ఉంచుతాయి. కొవ్వు కరిగినా తూకంలో కనపడదు. అందుకే ముందు ఒక వారం వంటింటి త్రాసుతో ప్రతిదీ తూచి రాయండి, నూనెతో సహా. 1500 అని మీరనుకున్నది 1900 అని తేలితే తిండి లోటు అంత పెద్దది కాదు. అప్పుడు అసలు దోషం నిద్రదీ, వర్కవుట్ భారానిదీ. నిజంగానే 1500 అయితే మూడూ సరిచేయాలి.

ఇక నిద్ర. 12కి పడుకుని 5కి లేస్తే పక్క మీద గడిపేది ఐదు గంటలు, నిద్ర అంతకంటే తక్కువ. పెద్దలకు కనీసం ఏడు గంటలు కావాలి. బరువు తగ్గాలనుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పే ఒక అధ్యయనం 2010లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అధిక బరువున్న పదిమందికి ఒకే మోతాదు తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, రెండు వారాలు 8.5 గంటలు, ఇంకో రెండు వారాలు 5.5 గంటలు నిద్రకు అవకాశమిచ్చారు. తగ్గిన బరువు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. కానీ నిద్ర తగ్గించినప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ. ఆ తేడా కండతో సహా కొవ్వు కాని భాగం నుంచి పోయింది. పదిమందితో చేసిన చిన్న అధ్యయనమే అయినా, మీలాగా కండ నిలుపుకుంటూ కొవ్వు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు ఇంత సూటిగా వర్తించేది అరుదు. నిద్ర కోసి వర్కవుట్‌కు వేళ చేసుకోవడం మీకు నష్టపు బేరం.

అలాగని రేపటి నుంచే పదింటికి పడుకుంటే నిద్ర రాదు. లేచే వేళను తాత్కాలికంగా 6 గంటలకు మార్చి అక్కడే ఉంచండి, సెలవు రోజుల్లో కూడా. పడుకునే వేళను మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. 12 నుంచి 10.45కు రావడానికి రెండు వారాలు పడుతుంది. సాయంత్రం కాఫీ మధ్యాహ్నం ఒంటి గంటలోపు అయిపోవాలి. కెఫీన్ సగానికి తగ్గడానికే చాలామందిలో ఐదు గంటల దాకా పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. ఆరింటి కాఫీలో సగం పదకొండింటికి ఇంకా రక్తంలోనే ఉంటుంది. మానిన మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, మగత ఉండవచ్చు. ఒక్కసారిగా కాకుండా సగం కప్పుతో మొదలుపెడితే ఇబ్బంది తగ్గుతుంది. కెఫీన్ కలిసిన ప్రీవర్కవుట్ పొడులకూ ఇదే వర్తిస్తుంది. అవి అలసటను కప్పిపెడతాయే తప్ప తగ్గించవు. మీ పరిస్థితిలో వాటిని అసలు ముట్టుకోకపోవడం మంచిది.

ఉదయం ఆరుకు లేస్తే ఆరు రోజుల వర్కవుట్‌కు వేళ చాలదని మీకు తట్టే ఉంటుంది. చాలనక్కర్లేదు, ఎందుకంటే ఆరు రోజులు మీకు అవసరం లేదు.

మొదటి రెండు వారాలు తేరుకోవడానికే కేటాయించండి. వారానికి మూడు రోజులు బరువులు, రోజు విడిచి రోజు. ఇప్పుడు మూడు నాలుగు సెట్లు (ఆగకుండా వరుసగా చేసే విడతలు) చేస్తున్న చోట రెండే చేయండి, మామూలుగా ఎత్తేదాంట్లో 80 శాతం బరువుతో. పరుగు పూర్తిగా ఆపి, మిగతా రోజుల్లో 30 నిమిషాలు నడవండి. తిండి 2400 కేలరీలకు పెంచండి. ఇక్కడ చాలామంది బెదిరిపోయి వెనక్కి పోతారు, కాబట్టి ముందే చెప్పాలి: మొదటి వారంలోనే బరువు కిలో, కిలోన్నర పెరగవచ్చు. అది కొవ్వు కాదు. ఒక గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కండలో చేరుతుంది. ఖాళీ అయిన నిల్వలు నిండుతున్నాయన్నమాట. ఈ రెండు వారాలూ తూకం కంటే నడుము చుట్టుకొలత చూసుకోవడం మేలు. రెండు వారాలు తేలిగ్గా చేస్తే కండ కరిగిపోతుందన్న భయమూ వద్దు. సంపాదించుకున్న బలాన్ని నిలుపుకోవడానికి, దాన్ని సంపాదించడానికి చేసిన సెట్లలో మూడో వంతు చాలు, బరువు బాగా తగ్గించకుండా ఉంటే.

మూడో వారం నుంచి అసలు ప్రణాళిక. సోమ, బుధ, శుక్రవారాల్లో ఒళ్లంతా పనిచేసేలా బరువులు, ఒక్కో రోజు 45 నుంచి 50 నిమిషాలు. స్క్వాట్ లేదా డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువు ఎత్తడం), ఒక నెట్టే కసరత్తు, ఒక లాగే కసరత్తు, ఆపైన ఒకటి రెండు చిన్నవి. ఒక్కో ప్రధాన కండకు వారం మొత్తానికి పది సెట్ల దగ్గర ఉంటే మీకు సరిపోతుంది. ప్రతి సెట్‌నూ ఇంకా రెండు రెప్స్, అంటే ఇంకో రెండుసార్లు, చేయగలననిపించే దగ్గర ఆపండి. చివరి రెప్ వరకూ పోరాడితే వచ్చే అదనపు లాభం కొద్ది, తేరుకోవడానికి పట్టే సమయం మాత్రం ఎక్కువ. స్క్వాట్ 70 కిలోలతో మూడు సెట్లు, ఆరేసి రెప్స్‌తో మొదలుపెట్టండి. మూడు సెట్లలోనూ ఎనిమిది చేయగలిగిన రోజున, మరుసటిసారికి 2.5 కిలోలు కలిపి మళ్లీ ఆరుకు రండి. ఐదారు వారాలకోసారి ఒక వారం సెట్లను సగానికి తగ్గించండి, బాగానే ఉన్నాననిపించినా సరే. బాగాలేననిపించాక తగ్గిస్తే అప్పటికే ఆలస్యమవుతుంది.

మంగళ, శనివారాల్లో 35 నిమిషాల తేలికపాటి పరుగు లేదా చురుకైన నడక. మీలాంటివాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తేలికపాటి పరుగు అంటే పరుగెత్తుతూనే పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే వేగం ఎక్కువైనట్టే. సిగ్గుపడేంత నెమ్మదిగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. ఆ పరుగు బుధ, సోమవారాల స్క్వాట్‌ను తినేయకూడదు. గురు, ఆదివారాలు విశ్రాంతి. ఈ మాత్రంతోనే మీరు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కనీస మోతాదుకు, అంటే వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజుల కండల వ్యాయామానికి, రోజువారీ నడక కలుపుకుంటే సులువుగా చేరతారు.

అప్పుడు తిండిని 2050 కేలరీలకు దించండి. వర్కవుట్ ఖర్చు రోజు సగటున 200కు తగ్గింది కాబట్టి, ఇందాకటి లెక్కే వేస్తే 33 వస్తుంది. కొవ్వు నెమ్మదిగా తగ్గడానికీ, శరీరం తన పనులు ఆపకుండా ఉండడానికీ ఇది చాలు. ఇందులో ప్రోటీన్ 115 గ్రాములు, అంటే కిలోకు 1.6 చొప్పున. ఒకే పూట కాకుండా నాలుగు పూటలకు 28, 30 గ్రాములుగా పంచండి. కొవ్వు 60 గ్రాములు. మిగిలింది పిండిపదార్థాలు, సుమారు 260 గ్రాములు. వాటిని రాత్రికి తినకూడదనే మాట పట్టించుకోకండి. బరువులు ఎత్తే రోజు, దానికి ముందూ తర్వాతా ఎక్కువ భాగం వచ్చేలా చూసుకుంటే చాలు. ఖాళీ కడుపుతో బరువులు ఎత్తే అలవాటు మీకుంటే అది మానండి. వారానికి బరువులో అర శాతం, అంటే 350 గ్రాముల దాకా తగ్గితే సరైన వేగం. ఉదయాన్నే రోజూ తూచి వారం సగటును మాత్రమే పోల్చండి. నాలుగు వారాల సగటు కదలకపోతే అప్పుడు 100 కేలరీలు తగ్గించండి, అంతకుముందు కాదు.

బద్ధకమా, అలసటా అని తేల్చుకోవడం పక్క మీద పడుకుని ఆలోచిస్తే కుదరదు, ఎందుకంటే పొద్దున్నే రెండూ ఒకేలా ఉంటాయి. బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) దగ్గరే తెలుస్తుంది. ఆ రోజు 75తో స్క్వాట్ ఉందనుకోండి. ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, ఖాళీ బార్‌తో ఎనిమిది, 40 కిలోలతో ఐదు, 60తో మూడు, 70తో ఒకటి చేయండి. 60 దగ్గర గమనించండి. బద్ధకం అయితే మొదటి పది నిమిషాల్లో వదిలిపోతుంది. 60 పైకి లేచే వేగం మామూలుగానే ఉంటుంది, మనసే ఇంకా మూలుగుతుంటుంది. అలాంటప్పుడు అనుకున్నది అనుకున్నట్టు చేయండి. అలసట అయితే వేడెక్కేకొద్దీ తేలికపడదు. 60 కిలోలే 75లా తోస్తుంది, కిందికి దిగాక లేచేటప్పుడు మధ్యలో ఆగినట్టవుతుంది, 70తో చేసే ఒక్క రెప్‌కే ముఖం బిగుసుకుంటుంది. అలాంటి రోజు 65తో రెండు సెట్లు, మిగతా కసరత్తులు ఒక్కో సెట్, అంతటితో ఆపి ఇంటికి వెళ్లండి. వెళ్లారు, చేశారు, శరీరం చెప్పింది విన్నారు. ఇదీ క్రమశిక్షణే.

ఒక్క రోజు చూసి నిర్ణయానికి రాకూడదు కాబట్టి చిన్న పుస్తకం పెట్టుకోండి. నిద్ర గంటలు, మెలకువ రాగానే పక్క మీంచి లేవకముందే కొలిచిన నాడి, హుషారుకు ఐదింటిలో మీరిచ్చే మార్కులు, ఆ రోజు ప్రధాన కసరత్తులో చివరి సెట్. నాలుగే అంకెలు. రెండు వారాలు రాస్తే మీ మామూలు నాడి ఎంతో తెలుస్తుంది. అది వరుసగా మూడు రోజులు ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుని, దాంతోపాటు రెండు వర్కవుట్లలో బలం పడిపోతే, ఐదారు రోజులు సెట్లు సగం చేయండి. నాడి ఒక్కటే పెరిగితే అది వేడి వల్లో, రాబోయే జలుబు వల్లో కావచ్చు. చేతి గడియారం ఇచ్చే స్కోరు చూసి వర్కవుట్ మానేయడం మాత్రం వద్దు. బార్ చెప్పేదీ గడియారం చెప్పేదీ వేరైతే బార్‌నే నమ్మండి. ముందు రాత్రి ఐదున్నర గంటల లోపే నిద్రపోయి ఉంటే మాత్రం ఆ రోజు భారీ బరువుల జోలికి పోకండి. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పూర్తిగా ఆపాలి. ముక్కు మాత్రమే కారుతుంటే తేలిగ్గా చేసుకోవచ్చు.

ఒక్క రోజు మానితే మొత్తం మానేస్తానన్న భయం గురించి. గతంలో రెండుసార్లు ఆగిపోయారని రాశారు. ఎందుకు ఆగిపోయారో మీరు రాయలేదు, కానీ రోజూ చేయాలని పెట్టుకున్న నియమం ఒకరోజు తెగగానే, ఎలాగూ తెగిందిగా అనిపించడం చాలామందికి జరిగేదే. నియమమే తప్పుగా పెట్టుకుంటే తప్పక తెగుతుంది. అలవాట్లు ఎలా కుదురుకుంటాయో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు గమనించినప్పుడు, ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా వచ్చింది. మధ్యలో ఒక్కసారి తప్పిపోవడం వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. మీరు ఐదు నెలలు దాటారు. ఆదివారం పడుకున్నంత మాత్రాన ఇదంతా జారిపోదు.

అయినా భయం ఉంటుంది కాబట్టి దానికి పట్టుకొమ్మ కావాలి. రోజుల లెక్క కట్టిపెట్టి వారం లెక్క పెట్టుకోండి: మూడు బరువుల వర్కవుట్లు, రెండు పరుగులు, రెండు విశ్రాంతి రోజులు, ఏడు గంటలు పైగా నిద్రపోయిన ఐదు రాత్రులు. విశ్రాంతి రోజుకూ, నిద్రకూ అదే పుస్తకంలో టిక్కు పెట్టండి. విశ్రాంతి రోజు దొంగచాటుగా అరగంట పరుగెత్తితే అది తప్పిన రోజు కిందే రాయండి. పని ఒత్తిడితో వర్కవుట్ కుదరని రోజు కోసం 15 నిమిషాల కనీస వర్కవుట్ ఒకటి ముందే రాసిపెట్టుకోండి: గుంజీలు, పుషప్స్, ఏదైనా లాగే కసరత్తు, ఒక్కోటి రెండు సెట్లు. దీనికి షరతును మాటల్లో రాయాలి. ‘ఆరున్నరకల్లా బయల్దేరలేకపోతే ఇంట్లోనే కనీసం చేస్తాను’ అని. ఆ క్షణంలో ఆలోచించాల్సిన పని ఉండకూడదు. వరుసగా రెండు వర్కవుట్లు తప్పనివ్వకూడదన్నది ఒక్కటే గట్టి నియమంగా ఉంచుకోండి. తప్పినదాన్ని మర్నాడు రెట్టింపు చేసి పూడ్చడం మాత్రం వద్దు, గాయాలు అక్కడే అవుతాయి.

తేరుకోవడం పేరిట అమ్మే వస్తువుల మీద డబ్బు పోయకండి. ఫోమ్ రోలర్‌తో కాసేపు హాయిగా ఉంటుంది, అంతవరకే. బరువులు ఎత్తిన వెంటనే రోజూ మంచునీళ్లలో కూర్చుంటే నొప్పి తగ్గవచ్చు గానీ, కండ పెరుగుదలా కొంత తగ్గుతుంది.

కొన్ని సూచనలు కనిపిస్తే ఈ ప్రణాళికతో కాలం గడపకూడదు. ఛాతీలో నొప్పి, వర్కవుట్ మధ్యలో స్పృహ తప్పడం, విపరీతమైన కండ నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం, ఈ మూడింటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాలి ఎముక మీద వేలితో చూపించగలిగినంత ఒకేచోట నొప్పి ఉంటే పరుగు ఆపి చూపించుకోండి, అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. బిగ్గరగా గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్లు అంటున్నా, ఏడు గంటలు పడుకున్నా పగలు కునుకుపాట్లు పడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. నిద్ర, తిండి, భారం మూడూ సరిచేసి నాలుగు వారాలైనా హుషారు రాకపోతే డాక్టర్‌ను కలిసి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, బి12, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించుకోవాలా అని అడగండి. ఏ పనిలోనూ ఆసక్తి లేకుండా రెండు వారాలు పైగా మనసు కుంగి ఉంటే అది కూడా చెప్పండి, వర్కవుట్ మాటల మధ్య దాచేయకండి.

అన్నీ కుదురుకుంటే ముందు మారేది నిద్ర, ఆ తర్వాత విసుగు. బార్ మీద బలం కనపడడానికి మూడు, నాలుగు వారాలు పట్టవచ్చు. ఎనిమిదో వారానికి 80 మళ్లీ చేతికొస్తే, ఇంకా చేయాలన్న ఉత్సాహం పొంగుతుంది. అప్పుడు ఒక్కటే పెంచండి: ఒక కసరత్తుకు ఒక సెట్, లేదా ఒక పరుగుకు ఐదు నిమిషాలు. రెండు వారాలు పుస్తకంలో అంకెలు నిలకడగా ఉంటేనే ఇంకోటి.